సాఫ్ట్‌వేర్‌కు కనిపించని కౌలు రైతు

హైదరాబాద్‌లో అర్థశాస్త్రం పీజీ చేసే విద్యార్థులను ఏ పేపర్ అంటే ఎక్కువ భయమని అడిగితే, చాలామంది చెప్పేది ఎకనామెట్రిక్స్ (గణాంక పద్ధతులతో ఆర్థిక విషయాలను కొలిచే శాస్త్రం) పేరే. ఇంటర్‌లో సీఈసీయో హెచ్‌ఈసీయో చదివి, తెలుగు మాధ్యమంలో బీఏ ముగించి, సీపీగెట్ రాసి ఉస్మానియాలోనో, సీయూఈటీ రాసి గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో సీటు తెచ్చుకున్న విద్యార్థి చాలాసార్లు పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టి ఉండడు. అలాంటి వారి ముందుకు మాత్రికలు, సంభావ్యతా విభాజనాలు, గాస్-మార్కోవ్ సిద్ధాంత నిరూపణ ఒక్కసారిగా వచ్చి పడతాయి. దీనికి తరగతి గదుల్లో అలవాటైన విరుగుడు, పరీక్ష కోసం నిరూపణలను కంఠస్థం చేయించడం, ప్రాజెక్టు కోసం ఈవ్యూస్, స్టాటా లాంటి గణాంక సాఫ్ట్‌వేర్‌లలో ఏది నొక్కితే ఏ పట్టిక వస్తుందో చూపించడం. పీ-విలువ (ఫలితం యాదృచ్ఛికమేమోనని పరీక్షించే అంకె) 0.05 కన్నా తక్కువ వచ్చిందా, డర్బిన్-వాట్సన్ (దోషాల మధ్య వరుస సంబంధం ఉందేమో చూసే అంకె) 2కు దగ్గరగా ఉందా అని చూసుకుని నివేదిక ముగించే పద్ధతి అక్కడే మొదలవుతుంది.

గణితం అక్కర్లేదని నేను అనడం లేదు. అది రానివాడు తన ఫలితాన్ని తానే సమర్థించుకోలేడు. అయితే అనువర్తిత ఎకనామెట్రిక్స్‌లో అసలు కష్టం పోలిక దగ్గర ఉంది. ఒక పథకం వల్ల ఏం మారిందో చెప్పాలంటే, అది లేకపోతే ఏం జరిగి ఉండేదో అంచనా వేయాలి. ఆ అంచనా కోసం ఎవరిని ఎవరితో పోలుస్తున్నామన్న దాని మీదే ఫలితం నిలుస్తుంది లేదా కూలుతుంది. ఆ పోలిక చెల్లుతుందో లేదో తేల్చాలంటే ఆ ప్రాంతంలో భూమి, నీరు, అప్పు, ప్రభుత్వ కాగితం ఎలా నడుస్తాయో తెలియాలి. నల్లగొండ నుంచో వనపర్తి నుంచో వచ్చిన విద్యార్థి దగ్గర పుష్కలంగా ఉండే ఈ తెలివిడికి మన పీజీ కోర్సులు మార్కులు వేయవు.

రైతుబంధునే తీసుకుందాం. 2018 మేలో మొదలైన ఈ పథకం కింద పట్టాదారులకు ఎకరాకు సీజన్‌కు 4 వేల రూపాయలు, మరుసటి ఏడాది నుంచి 5 వేల రూపాయలు ఇచ్చారు. విద్యార్థికి వెంటనే తట్టేది 2018కి ముందు సాగైన విస్తీర్ణాన్ని, ఆ తర్వాతి విస్తీర్ణాన్ని పోల్చడం. కానీ ఆ ఏడాది జనవరి 1 నుంచే వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చింది. 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రారంభమైంది. పెరిగిన విస్తీర్ణంలో ఎంత కరెంటు వల్ల, ఎంత నీటి వల్ల, ఎంత నగదు వల్ల అన్నది ఈ పోలిక చెప్పలేదు. పోనీ, తుంగభద్రకు ఇటు అలంపురం మండలాల్లో వచ్చిన మార్పును అటు కర్నూలు మండలాల్లో వచ్చిన మార్పుతో పోల్చుదామంటే (దీన్నే డిఫరెన్స్-ఇన్-డిఫరెన్సెస్ పద్ధతి అంటారు), 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ కూడా రైతులకు నగదు ఇచ్చే రైతు భరోసా మొదలుపెట్టింది. కేంద్రం ఇచ్చే పీఎం-కిసాన్ రెండు వైపులా ఒకేలా వచ్చింది కనుక దానితో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా ఒక వైపే వచ్చిన వాటితో. 2018 వానాకాలం, ఆ వెంటనే వచ్చిన యాసంగి మాత్రమే కొంత వాడదగిన వ్యవధిగా మిగులుతాయి, అప్పుడు కూడా విద్యుత్తు ప్రశ్న అలాగే ఉంటుంది.

అంతకన్నా లోతైన చిక్కు కౌలు దగ్గర ఉంది. డబ్బు అందింది పాస్‌పుస్తకం ఉన్న వారికి. వారిలో కొందరు దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఉంటారు, పొలం దున్నేది మరొకరు. సర్వేలో కౌలు రైతు లబ్ధి పొందని సాగుదారుగా నమోదవుతాడు కాబట్టి, విద్యార్థి అతన్ని పోలిక వర్గంలో వేస్తాడు. పథకం వల్ల భూమి మీద యజమాని పట్టు పెరిగి కౌలు రేటు కూడా పెరిగితే, ఆ కౌలు రైతు పథకం తాకని మనిషి కాడు, పథకం వల్ల నష్టపోయిన మనిషి. అతనితో పోల్చి చూస్తే లబ్ధిదారుకు కలిగిన మేలు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఈ దోషాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఎర్ర అక్షరాలతో హెచ్చరించదు, ప్రామాణిక దోషాలను (అంచనాలోని అనిశ్చితి కొలతలను) ఎన్ని రకాలుగా సవరించినా అది పోదు. కౌలు ఒప్పందాలు నోటిమాటగా జరిగే ఊళ్లో పెరిగిన వారికి మాత్రం చెప్పకుండానే తడుతుంది.

రైతు బీమాది మరో తరహా. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందుతాయి. 59 దాటకముందు, దాటిన కొద్ది కాలానికి మరణించిన రైతుల కుటుంబాలను పోలిస్తే, ఆ డబ్బు అప్పుల మీద, పిల్లల చదువు మీద చూపిన ప్రభావం తెలుస్తుందని రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ (అర్హత గీతకు కాస్త అటూ ఇటూ ఉన్నవారిని పోల్చే పద్ధతి) చదివిన వారెవరైనా అంటారు. కాగితం మీద చక్కటి ఆలోచన. కానీ వయసు చూసేది ఆధార్‌లో. పుట్టిన తేదీ రుజువు లేక జనవరి 1 అని నమోదైన పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో అందరికీ తెలుసు. సంవత్సరం కూడా అయిదుకో పదికో సరిచేసి చెప్పినదే. గీతకు అటూ ఇటూ ఉన్న వారు నిజంగా ఒకే వయసు వారని నమ్మే ముందు ఈ సంగతి లెక్కలోకి రావాలి.

జాతీయ నమూనా సర్వే కార్యాలయం 2017లో మొదలుపెట్టిన శ్రామిక శక్తి సర్వే, పీఎల్‌ఎఫ్‌ఎస్, ఇప్పుడు డిసర్టేషన్లకు (పీజీ పరిశోధన వ్యాసాలకు) ప్రధాన ఆధారం; వ్యక్తుల స్థాయి డేటా ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రతి మనిషికీ ఒక పని కోడ్ ఉంటుంది. కుటుంబ వ్యాపకంలో జీతం లేకుండా సాయపడితే 21, ఇంటిపనులు మాత్రమే చేస్తే 92, ఇంటిపనులతో పాటు వంటచెరకు లాంటివి సమకూర్చుకుంటే 93. ఇంటి గేదెలకు గడ్డి కోసుకొచ్చి, పాలు పితికి కేంద్రంలో పోసే స్త్రీ నిబంధన ప్రకారం 21లో ఉండాలి. ‘మీరేం పని చేస్తారు’ అని అడిగితే ఆమె ‘ఇంట్లోనే ఉంటా’ అంటుంది, సర్వే మనిషి మరో ప్రశ్న వేయకపోతే 92 పడుతుంది. మహిళల శ్రామిక భాగస్వామ్యం మీద రాసే ప్రతి రిగ్రెషన్‌లో (చలరాశుల మధ్య సంబంధాన్ని లెక్కగట్టే సమీకరణంలో) ఎడమవైపు చలరాశి, అంటే వివరించాల్సిన ఫలితం, ఈ ఒక్క అంకె. తన అమ్మకు ఏ కోడ్ వేస్తారో ఆలోచించిన విద్యార్థికి కొలత దోషం గురించి వేరే పాఠం పెద్దగా అక్కర్లేదు.

ఇలాంటి డేటాకు హైదరాబాద్‌లో కొరత లేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఊళ్లలో రెండు, ఔరేపల్లి, డోకూరు, నాటి మహబూబ్‌నగర్ జిల్లావే. అవే కుటుంబాలను ఏళ్ల తరబడి అడిగి రాసుకున్న ఆ లెక్కల ఆధారంగా రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ‘ఎకనామెట్రికా’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించాడు. ఒక ఇంటి ఆదాయం పడిపోయినా వినియోగం ఊరి సగటుతో పాటే కదులుతుందని, అంటే ఊళ్లోవాళ్లు ఒకరినొకరు చాలావరకు ఆదుకుంటున్నారని, అది సంపూర్ణం మాత్రం కాదని అందులో తేలింది. మూడేళ్లకు మార్టిన్ రావల్లియన్, శుభం చౌధురి అదే డేటాలో వినియోగాన్ని లెక్కగట్టిన తీరును ప్రశ్నించి, కొలత మారితే ఆ ముగింపు బలహీనపడుతుందని అదే పత్రికలో చూపించారు. ప్యానెల్ డేటా (అవే కుటుంబాలను ఏళ్ల తరబడి అడిగిన లెక్కలు), ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ (ప్రతి కుటుంబంలో మారకుండా ఉండే లక్షణాలను పక్కన పెట్టి చూసే పద్ధతి), కొలత దోషం మూడింటినీ ఒకేచోట చెప్పడానికి ఇంతకు మించిన పాఠం ఉండదు. అయినా విదేశీ పాఠ్యపుస్తకంలోని అమెరికా వేతనాల ఉదాహరణే మన తరగతుల్లో ఎక్కువగా నడుస్తోంది.

నగరంలోని 104 బస్తీల్లో 52 చోట్ల మాత్రమే స్పందన సంస్థ ముందుగా శాఖలు తెరిచేలా లాటరీ తీసి చేసిన సూక్ష్మరుణ అధ్యయనం కూడా ఇక్కడిదే. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు 2015లో ప్రచురించిన ఆ ఫలితాల్లో చిన్న వ్యాపారాల మీద పెట్టుబడి పెరిగింది, కుటుంబ వినియోగం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు.

ఉద్యోగాల మాటకొస్తే, ఐటీ కారిడార్‌లోని అనలిటిక్స్ కొలువులు ఎక్కువగా కోరేది అంచనా కట్టే నైపుణ్యం: ఎవరు అప్పు ఎగవేస్తారో చెబితే చాలు, ఎందుకో అక్కర్లేదు. ఆర్, పైథాన్ నేర్చుకోవడం అందుకు తప్పనిసరే, విశ్వవిద్యాలయాలు నేర్పాల్సిందే. ప్రభుత్వం వేల కోట్లు పెట్టే పథకాలను బేరీజు వేసే పనికి అది సరిపోదు.

మార్చాల్సింది మొదట మూల్యాంకనాన్ని. డిసర్టేషన్‌లో ఒక్క పట్టిక కూడా లేని తొలి అధ్యాయం ఉండాలి: ఎవరిని ఎవరితో పోలుస్తున్నాను, ఆ పోలికను చెడగొట్టగలిగేవి ఏమిటి, డేటాలోని ప్రతి ముఖ్యమైన అంకెను ఎవరు ఎవరిని ఏమని అడిగి రాశారు. విద్యార్థి కోరితే దాన్ని తెలుగులో రాయనివ్వాలి. వైవాలో సగం సమయం ఆ అధ్యాయం మీదే సాగాలి, అది నిలబడకపోతే మిగతా పట్టికలు చూడకుండానే తిప్పి పంపే అధికారం పరీక్షకుడికి ఉండాలి.