చెక్‌ట్రే ఎత్తి చూస్తున్నామా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టు మీద ఒక పూట నిలబడితే చెక్‌ట్రే సంగతి తెలుస్తుంది. చెరువంతా మేత చల్లేటప్పుడే రైతు ఆ ట్రేలోనూ కాస్త వేసి నీళ్లలోకి దించుతాడు. గంటన్నరకో రెండు గంటలకో పైకి లాగి చూస్తాడు. మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తాడు. ఎన్ని బస్తాలు చల్లారన్నది మేత కొట్టువాడి ఖాతాకు పనికొస్తుంది. రొయ్య తిన్నదీ లేనిదీ ట్రేయే చెప్పాలి.

మన కాలేజీల్లో బస్తాల లెక్కకు లోటు లేదు. ఎన్ని పీరియడ్లు చెప్పారు, సిలబస్ ఎంత శాతం అయింది, ఎన్ని గెస్ట్ లెక్చర్లు పెట్టారు, అన్నిటికీ ఫైళ్లున్నాయి. సెమిస్టరు చివర సర్వే ఒకటి. ‘ఈ కోర్సు లక్ష్యాలు ఎంతవరకు నెరవేరాయి?’ అన్న ప్రశ్నకు పిల్లలు ఫోన్లలో 1 నుంచి 5 లోపు అంకె నొక్కాలి. ఇంటర్నల్ మార్కులు వేసే మాస్టారు ఎదురుగా నిలబడి ఉంటే 2 నొక్కే ధైర్యం ఎవరికుంటుంది?

పిల్లలకు ఎంత వచ్చిందో ఇలా అభిప్రాయం అడిగి తెలుసుకోవడం పరోక్ష మదింపు. విద్యార్థి రాసిన జవాబు, చేసిన ప్రాక్టికల్, వైవాలో చెప్పిన మాట చూసి తేల్చడం ప్రత్యక్ష మదింపు. పరోక్షాన్ని నేను తీసిపారేయను. ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన పాత విద్యార్థిని ‘ఎక్కడ తడబడ్డావు’ అని అడిగితే ఏ ప్రశ్నపత్రమూ బయటపెట్టని విషయం చెబుతాడు. ట్రేలో మేత ఎందుకు మిగిలిందో వెతకడానికి అలాంటి కబురు కావాలి. మిగిలిందో లేదో చూడటానికి మాత్రం ట్రే ఎత్తక తప్పదు.

ఒక దేశపు ఇంజినీరింగ్ డిగ్రీని మరో దేశం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో మన దేశం శాశ్వత సభ్యత్వం పొందాక ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ లెక్కలు గట్టిపడ్డాయి. ప్రతి సబ్జెక్టుకూ కొన్ని ‘కోర్సు అవుట్‌కమ్’లు, అంటే కోర్సు అయ్యేసరికి పిల్లలకు రావాల్సినవి, అవి ఎంత సాధించారో చూపే ‘అటెయిన్‌మెంట్’ శాతాలు. చాలాచోట్ల ప్రత్యక్షానికి 80, పరోక్షానికి 20 పాళ్లు. కాగితం మీద బాగానే ఉంది. చిక్కల్లా ఆ 80లోనే.

కాకినాడ జేఎన్‌టీయూ కింద అనుబంధ కాలేజీల్లో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ 30, యూనివర్సిటీ పరీక్షకు 70. ఆ 70 మార్కుల జవాబుపత్రాలు దిద్దడానికి వెళ్లాక మళ్లీ కాలేజీ ముఖం చూడవు. తిరిగొచ్చేది సబ్జెక్టుకు ఒక్క ఫలితం. మూడో యూనిట్‌లో పిల్లలంతా తప్పారా, అయిదో దాంట్లోనా, పాఠం చెప్పినాయనకే తెలియదు. గడులు నింపాలి కాబట్టి అదే ఒక్క సంఖ్యను అయిదు అవుట్‌కమ్‌లకూ పంచేస్తారు. దాన్ని ప్రత్యక్ష మదింపు అనడానికి నాకు నోరు రాదు.

డిగ్రీలో ఆక్వాకల్చర్ చదివే కుర్రాణ్ణి తీసుకోండి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ గురించి పది మార్కుల వ్యాసం రాస్తాడు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీలుస్తుంది కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా తగ్గిపోతుందని అందులో ఉంటుంది. అయిదింటికి చెరువు గట్టు మీదికి ఆక్సిజన్ కొలిచే కిట్ ఇచ్చి పంపితే? లీటరుకు 3 మిల్లీగ్రాములని తేలితే ముందు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూడాలా, ఆ పూట మేత ఆపాలా? ఆ పావుగంట చూస్తే చాలు, వాడికి ఎంత వచ్చో తెలిసిపోతుంది. మన ప్రాక్టికల్స్‌లో ఎక్కువ మార్కులు రికార్డు చేతిరాతకే పోతున్నాయి.

యూనివర్సిటీ పత్రాలు మన చేతిలో లేవు, సరే. మిడ్ పరీక్షల పత్రాలు మన బీరువాలోనే ఉంటాయి కదా. మా స్టాఫ్‌రూంలో ఒకసారి ఇరవై పత్రాలు తీసి, ఒకే ప్రశ్నకు ఇద్దరం విడివిడిగా మార్కులు వేశాం. ఒక పత్రానికి నేను 4 వేస్తే ఆయన 8 వేశారు. ‘సూత్రం కరెక్టుగా రాశాడు కదండీ’ అన్నారాయన. ‘రాశాడు, ఎక్కడ వాడాలో తెలీదండీ’ అన్నాను. సర్వీసులో అన్నేళ్లలో, పిల్లలకు ఏం రావాలన్న దాని మీద మేమిద్దరం పోట్లాడుకోవడం అదే మొదటిసారి. బెల్లు కొట్టినా లేవలేదు.