థింజాన్ బర్మా ఉగాది కాదు

ఏప్రిల్ రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో బర్మా నీళ్ల పండుగ ఫొటోలు తిరుగుతాయి, కింద 'వాళ్ల ఉగాది' అన్న మాటతో. అది తప్పు. థింజాన్ అన్న పేరే 'సంక్రాంతి' నుంచి వచ్చింది. మన ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి, అంటే చంద్రుడి లెక్క. వాళ్ల కొత్త సంవత్సరం సూర్యుడు మేషంలో అడుగుపెట్టాక మొదలవుతుంది. పోలిక కావాలంటే తమిళుల కొత్త సంవత్సరం పుత్తాండుతో పెట్టాలి. బర్మాలో జ్యోతిష్కులు పండుగ ముగిసే ఘడియను ముందు లెక్కగడతారు. అందులోంచి 2 రోజుల 4 గంటల 4 నిమిషాల చిల్లర తీసేస్తే పండుగ మొదలయ్యే ఘడియ, అంటే వాళ్ల నమ్మకంలో ఇంద్రుడు భూమికి దిగే ఘడియ తేలుతుంది. వాళ్ల సౌర సంవత్సరం అసలు ఋతుచక్రం కంటే కాస్త పొడుగు కనుక, పండుగ సుమారు 60 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఆలస్యమవుతోంది. వాళ్ల శకం మొదలైన 638లో మార్చి చివర్లో పడ్డ కొత్త సంవత్సరం ఇప్పుడు ఏప్రిల్ 17 దగ్గరికొచ్చింది.

నెలలు మాత్రం చాంద్రమానమే, మనలాగే అమావాస్యతో ముగుస్తాయి. తగూ అంటే చైత్రం, కసోన్ వైశాఖం. చిక్కల్లా ఇక్కడే. సంవత్సరం అంకె తగూ మధ్యలోనో, ఒక్కోసారి కసోన్ మొదట్లోనో మారుతుంది. దాంతో ఒకే సంవత్సరానికి మొదట్లో కొంత తగూ, చివర్లో మళ్లీ కొంత తగూ. ఏ తగూనో చూసుకోకుండా పాత తేదీని మారిస్తే ఏడాది తేడా కొడుతుంది. ఏప్రిల్ మధ్య దాటాక ఇంగ్లీషు సంవత్సరంలోంచి 638, అంతకుముందైతే 639 తీసేయాలి. ఈ శకమే సయాంకూ (నేటి థాయిలాండ్) పాకి, చుల్లశకం పేరుతో 1889 దాకా అక్కడ అధికారికంగా నడిచింది.

'అంతా మన పంచాంగమే కదా' అనేవాళ్లు అధికమాసం దగ్గర ఆగి చూడాలి. సూర్యసిద్ధాంతం మన దేశం నుంచే వెళ్లింది, నిజమే. కానీ మనకు సంక్రాంతి పడని నెల ఏదైతే అదే అధికం. వాళ్లకు అధికం ఎప్పుడూ వాసో, అంటే ఆషాఢమే. 19 ఏళ్లలో 7 సార్లు రెండో వాసో వచ్చి, 354 రోజుల సంవత్సరం 384 అవుతుంది. చంద్రుడితో లెక్క తప్పుతోందనుకుంటే ఆ ఏడే నయోన్ నెలకు (మన జ్యేష్ఠం) ఒక రోజు కలిపి 385 చేస్తారు. థాయిలాండ్ వాళ్లు ఆ రోజును అధికమాసం లేని ఏడాదిలో కలుపుతారు కాబట్టి ఇరుగుపొరుగుల పౌర్ణమి ఒక్కోసారి ఒక రోజు తేడాతో వస్తుంది.

వాసోనే ఎందుకంటే, బౌద్ధ భిక్షువులు వానాకాలం ఒకేచోట ఉండే దీక్ష, వర్షావాసం, వాసో పౌర్ణమి దాటాక మొదలవుతుంది. అధికం దానికి ముందే పడుతుంది గనక మూడు నెలల దీక్ష ఎన్నడూ నాలుగు కాదు. 2023 ఆగస్టు 1 నాటి పౌర్ణమినే చూడండి. మనకది అధిక శ్రావణ పౌర్ణమి, గురుపూర్ణిమ జులై 3నే అయిపోయింది. వాళ్లకది రెండో వాసో పౌర్ణమి, వర్షావాసానికి వాకిలి. ఆకాశంలో చంద్రుడు ఒక్కడే.

వాళ్ల రోజుల లెక్కలో క్షయ తిథి, వృద్ధి తిథి (తిథి ఎగిరిపోవడం, రెండు రోజులకు సాగడం) ఉండవు. శుక్లపక్షం 15 రోజులు, కృష్ణపక్షం నెలను బట్టి 14 లేదా 15. యాంగోన్‌లో (పాత పేరు రంగూన్) ఏ తేదీయో లండన్‌లోనూ అదే. వినాయక చవితి శనివారమా ఆదివారమా అని ఏటా హాలు బుకింగు మార్చుకునే మన సంఘాలకు అసూయ పుట్టించే సౌకర్యం! మన తిథి చంద్రుడికి దగ్గర, వాళ్ల తేదీ జనానికి దగ్గర. పదిమంది కలిసి చేసే పండుగలకు వాళ్ల పద్ధతే మేలని మా అభిప్రాయం.

వారాల పేర్లు మాత్రం చాలావరకు మనవే. కోరంగి రేవు నుంచి రంగూన్ చేరిన తెలుగువాళ్లను అక్కడ 'కోరంగీలు' అనేవారు. వాళ్లకు మంగళవారం 'ఇంగా'లో అంగారకుడు, శనివారం 'సనే'లో శని వినపడే ఉంటారు. పిల్లల పేరుకు మొదటి అక్షరాన్నీ ఆనవాయితీగా వారమే ఇస్తుంది: క వర్గం సోమవారానిది, ప వర్గం గురువారానిది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన ఊ థాంట్ 1909 జనవరి 22న, శుక్రవారం పుట్టారు. ఆయన పేరులోని 'థ' శుక్రవారపు అక్షరం. బుధవారం పుట్టినవాళ్లకు మాత్రం వేళ కూడా కావాలి. మధ్యాహ్నం దాటితే అది బుధుడిది కాదు, రాహువుది. రంగూన్‌లోని ష్వేడగోన్ పగోడాలో (బౌద్ధ స్తూపం) వాళ్లు పూజగా నీళ్లు పోసే స్థానం కూడా వేరు: పొద్దుటివాళ్లు దక్షిణాన దంతాలున్న ఏనుగు దగ్గరికి, సాయంత్రంవాళ్లు వాయవ్యంలో దంతాల్లేని ఏనుగు దగ్గరికి.