ఒకటిన్నరను ఐదున్నర చేసిన మహానుభావా!

స్లాష్‌తో కొట్టిన అంకెలను పైనొకటి కిందొకటి చిన్నగా పేర్చి భిన్నంగా మార్చే, మహారాజశ్రీ ఫాంటులోని ‘ఆటోమేటిక్ ఫ్రాక్షన్స్’ వారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. తమరు క్షేమంగానే ఉన్నారని తెలుస్తూనే ఉంది. నా క్షేమం మాత్రం అడక్కండి. నిన్న మధ్యాహ్నం మొదలుపెట్టిన నాలుగు పేజీల లెక్కల ప్రశ్నపత్రం చీకటి పడ్డాక కూడా నా ఎదురుగానే ఉంది.

తప్పు నాదే. ఒక్కో భిన్నాన్నీ సెలెక్ట్ చేయడానికి బద్ధకించి, ఫైలు మొత్తానికి తమరిని ఆన్ చేశాను. పరీక్ష తేదీ 12/5లో పన్నెండు పైకెక్కింది, ఐదు కిందికి దిగింది. ‘1/4’ అని వేసిన పేజీ నంబర్లు చీమలంత అయ్యాయి. స్లాష్ కనిపిస్తే ఆగలేని స్వభావం కాబోలని సర్దుకున్నాను.

కానీ ఆ ఒకటిన్నర! జవాబుల్లో ‘1 1/2’ అని కొట్టాను. మధ్యలో ఎడం మరీ ఎక్కువైందని స్పేస్ తీసేశాను. అంతే, తమరు రెండు ఒకట్లనూ లవంలో కూర్చోబెట్టారు. పదకొండు బై రెండు. అంటే ఐదున్నర! పోనీ వికారంగా ఉందా అంటే, అదీ లేదు. నున్నగా, పొందికగా, అచ్చు పుస్తకంలో ఉన్నట్టే ఉంది. అందుకే ముప్పై కాపీలు ప్రింటయ్యేదాకా కంటికి ఆనలేదు. మొదటి ఒకటికి మాత్రం నిన్ను ఆఫ్ చేయాలట. ఏ అంకెకు ఆన్, ఏ అంకెకు ఆఫ్ అని నేనే చూసుకోవాలంటే, నీ పేరు ముందు ఆ ‘ఆటోమేటిక్’ ఎందుకయ్యా? గీతకు ముందు కనిపించిన అంకెలన్నీ లవమేనని నీకెవరు చెప్పారు?

నిన్ను వదిలేద్దామంటే, ఒకే అక్షరంగా తయారై ఉన్న రెడీమేడ్ భిన్నాలు నీకంటే ఘనం. ½, ¼, ¾ ముగ్గురూ 1987లోనే ఐఎస్ఓ 8859-1 అనే కంప్యూటర్ అక్షరాల పట్టికలో కుర్చీలు పట్టేశారు. పాపం ⅐ మాత్రం 2009 దాకా, ప్రపంచ భాషల అక్షరాల పట్టిక అయిన యూనికోడ్ గుమ్మం బయటే నిలబడింది. 2/7కైతే ఇప్పటికీ పీట కూడా వేయలేదు.

చివరికి 17/32 ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి నిన్ను నొక్కాను. ఏం చెప్పను! అంత చిన్న అంకెలూ పక్క అక్షరాలంత నిండుగా ఉన్నాయి. నేను సైజు తగ్గించి పైకీ కిందికీ జరిపి చేసినవి వాటి పక్కన జ్వరం పడి లేచినట్టున్నాయి. ఎవరో ఓపికగా ఆ బుల్లి అంకెలను విడిగా గీశారు. ఆ చేతులకు దండం. నీకు కాదు.

ఇట్లు,
ముప్పై కాపీలు చించినవాడు

తా.క.: ఈ ఉత్తరం మీద తేదీ వేయలేదు. కారణం తమరికి తెలుసు.