సవరణ: పర్కొలేషన్ హద్దు 0.593 గురించి

గళ్ల జాలంలో బిందువులనో, వాటిని కలిపే గీతలనో కొంత వంతు యాదృచ్ఛికంగా తెరిస్తే, ఎంత వంతు దాటాక అంతులేకుండా పాకే దారి ఏర్పడుతుందో ఆ వంతే పర్కొలేషన్ హద్దు. చతురస్రపు గళ్ల జాలంలో అది 0.593 అని, దానికి నిరూపణ ఉందని పాత పోస్టులో ఉంది. అక్కడ రెండు లెక్కలు కలిసిపోయాయి. 0.593 అనేది బిందువులను యాదృచ్ఛికంగా తెరిస్తే వచ్చే విలువ. కంప్యూటర్లతో తేల్చిందే తప్ప కచ్చితమైన సూత్రం లేదు. నిరూపణ ఉన్నది బిందువులను కలిపే గీతలను తెరిచే లెక్కకి: హద్దు సరిగ్గా 1/2, గణితవేత్త హ్యారీ కెస్టెన్ 1980లో నిరూపించారు.

అంటువ్యాధి ఒకరి నుంచి ఒకరికి పాకడానికి ఈ గీతల లెక్కే దగ్గర. టీకాతో కొందరిని దారిలోంచి తప్పించే ప్రశ్నైతే బిందువుల లెక్క. అయినా మనుషుల పరిచయాలు గళ్ల కాగితంలా ఉండవు, ఆ సగాన్ని తీసుకెళ్లి ఏ రోగానికీ తగిలించకండి!

1957లో పరిశోధకులు బ్రాడ్‌బెంట్, హామర్స్‌లీ సచ్ఛిద్ర (సన్నని రంధ్రాలున్న) పదార్థాల కోసం పర్కొలేషన్ లెక్కని మొదలుపెట్టారన్న భాగంలో మార్పు లేదు.