పాయింట్ ఆఫ్ నో రిటర్న్ గారికి ఒక విన్నపం

అయ్యా,

మిమ్మల్ని దాటిన విమానానికి వెనక్కి తిరిగి వెళ్లేంత ఇంధనం ఉండదట. అలాంటి మీరు పసిఫిక్ మీద ఎక్కడో ఉంటారని విన్నాను గానీ చార్టులో వెతికితే కనిపించరు. మామూలు నావిగేషన్ పాయింట్లకైతే అయిదు ఇంగ్లీషు అక్షరాల పేరు, ఒక అక్షాంశం, ఒక రేఖాంశం ఉంటాయి. మీకు అవీ లేవు. ఎదురుగాలి వీస్తే ఒకచోట, వెనకగాలి వీస్తే ఇంకోచోట. రోజూ అడ్రస్ మార్చే మీ మాటకు విమానాలన్నీ తలవంచుతున్నాయంటే ఏ ఎమ్మెల్యేకీ అంత పలుకుబడి ఉండదు.

పసిఫిక్ నడుమ ఉన్న చిలీ ద్వీపం ఈస్టర్ ఐలాండ్ సంగతే చూడండి. చిలీలోని శాంటియాగో నుంచి 3,700 కిలోమీటర్లకు పైగా దూరం, దాదాపు అంతా నీళ్లే, ఆ చివర మాతవేరి ఎయిర్‌పోర్టు, దానికి ఒక్కటే రన్‌వే. దిగడం కుదరకపోతే పక్కూరికి పోదామంటే పక్కూరే లేదు. అందుకే మిమ్మల్ని దాటకముందే పైలట్ అక్కడి వాతావరణం కనుక్కుని, ముందుకా వెనక్కా తేల్చుకోవాలి. అదే సమయంలో వెనక వరసలో కూర్చున్నవాడి సమస్యల్లా చికెనా, పాస్తానా అన్నది.

పైగా మీ దగ్గర ఇంకో రూలు: ముందు విమానం దిగేదాకా తర్వాతది మిమ్మల్ని దాటకూడదు. మన సింగిల్ లైన్ రైల్వేలో లాగే అన్నమాట, కాకపోతే రైలు ఆగగలదు. ముందుది టైరు పేలి రన్‌వే మీద కూర్చుంటే పైనున్నవాళ్లు ఎక్కడికి పోవాలి? ఈ రూలును నేను తిట్టలేను.

ఇంధనం గోల వేరే. ఇలాంటి ఒంటరి ఎయిర్‌పోర్టుకి వెళ్లే జెట్ విమానం, దిగడం కుదరకపోతే పోవడానికి వేరే ఎయిర్‌పోర్టు చూపించే వీల్లేదు కాబట్టి, దాని బదులు అక్కడికి చేరాక రెండు గంటలు ఎగరడానికి సరిపడా ఇంధనం మోసుకెళ్లాలని అంతర్జాతీయ నియమం. ఆ మోతకీ మళ్లీ ఇంధనమే కాలుతుంది. ఇది తెలిశాక టికెట్ ధర మీద కోపం కాస్త తగ్గింది, పూర్తిగా కాదు.

అన్నట్టు, ఆ రన్‌వేని 1980లలో పొడిగించింది ద్వీపం జనం మీద ప్రేమతో కాదు, కాలిఫోర్నియా నుంచి ఎగరబోయే నాసా స్పేస్ షటిల్‌కి ఏమైనా అయితే దిగడానికట. షటిల్ అక్కడ దిగడం మాట అటుంచి, కాలిఫోర్నియా నుంచి ఒక్కసారి కూడా అంతరిక్షంలోకి ఎగరలేదు. లాభపడింది పెద్ద విమానాల్లో వచ్చే టూరిస్టులు.

నేనెప్పుడైనా అటు వస్తే ఒక్క ఉపకారం చేయండి. మిమ్మల్ని దాటేటప్పుడు సీటు బెల్టు గుర్తు పక్కన చిన్న లైటు వెలిగించమనండి. టెన్షన్ పడేవాళ్లం పడతాం, మిగతావాళ్లు పాస్తా తింటారు.

ఇట్లు,
కిటికీ సీటుకి అదనంగా డబ్బు కట్టేవాడు