సీబీపీ రిపోర్టు మీద తిరుగుతున్న ఆ మెసేజ్ ఇక ఆపండి

రక్తకణాలను లెక్కపెట్టే సీబీపీ పరీక్ష గురించిన ఆ మెసేజ్ మా బంధువుల గ్రూపులోకి ఈ నెలలో నాలుగోసారి వచ్చింది. ‘సీబీపీలో ఈ ఐదు కనిపిస్తే బ్లడ్ క్యాన్సరే’ అని మొదలై, ఏడు రోజుల బొప్పాయి ఆకు రసంతో ముగుస్తుంది. నేను పద్నాలుగేళ్లుగా ల్యాబులో స్లైడ్లు చూస్తున్నాను. ఇక ఊరుకోవడం నావల్ల కాదు.

పాలు, తెల్లన్నం తింటే తెల్లకణాలు పెరుగుతాయట. పెరగవు. ఈసినోఫిల్స్ అనే రకం తెల్లకణాలు 6 శాతం దాటితే రక్తం చెడిపోయినట్టట. అలర్జీ, ఉబ్బసం, కడుపులో నులిపురుగులు ఉన్నా అవి పెరుగుతాయి.

టోటల్ కౌంట్, అంటే మొత్తం తెల్లకణాల సంఖ్య, 11,000 దాటితే క్యాన్సరట. చిన్న చీముగడ్డ లేచినా దాటుతుంది. స్టెరాయిడ్ వాడినా, గట్టిగా పరుగెత్తి వచ్చినా దాటుతుంది. నిండు గర్భిణికి 14,000 ఉండటం మామూలే. ఆమెకు ఈ మెసేజ్ పంపినవాళ్లు ఆ రాత్రి ఆమె నిద్ర పోయి ఉంటుందనుకున్నారా?

‘పూర్తిగా ఎదగని కణాలు కనిపిస్తే ఖాయం’ అన్నది నాలుగోది. ఏ కణం, ఏ దశలో? ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణం న్యూట్రోఫిల్ ఎముక మూలుగలో మయిలోబ్లాస్ట్ అనే తొలి దశ కణంగా మొదలవుతుంది. గుండ్రంగా ఉన్న కేంద్రకం క్రమంగా చిక్కుడు గింజలా నొక్కుకుంటుంది, తర్వాత గుర్రపు లాడంలా వంగుతుంది, చివరికి సన్నటి దారంతో కలిపిన మూడు నాలుగు ముక్కలవుతుంది. ఆ లాడం దశలో ఉన్నవే బ్యాండ్ కణాలు. ఇన్ఫెక్షన్ వస్తే మూలుగ వాటిని తొందరగా రక్తంలోకి వదులుతుంది. అది ఒళ్లు పోరాడుతున్న గుర్తు. భయపడాల్సింది ఆ తొలి దశ బ్లాస్ట్ కణాలు కనిపించినప్పుడు. ఆ రెంటికీ తేడా తెలియనివాళ్లు జనాన్ని భయపెట్టకూడదు.

నాకు అసలు కోపం తెప్పించింది ఐదోది, లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాల గురించి: ‘పిల్లల్లో లింఫోసైట్లు 45 శాతం దాటితే బ్లడ్ క్యాన్సర్. మందులన్నీ ఆపి రసం పట్టండి.’ పోయిన వారం మా చెల్లెలు ఏడుస్తూ ఫోన్ చేసింది. “అన్నయ్యా, పాపకి 61 ఉన్నాయి.” పాపకు రెండేళ్లు. చెవిపోటుకు డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ అప్పటికే రెండు రోజులుగా ఆపేసింది. రిపోర్టు ఫోటో పెట్టించుకుని చూశాను. కౌంట్ 11,200. పక్కన అచ్చువేసిన నార్మల్ అంకెలు పెద్దవాళ్లవి, అందుకే రెండింటికీ ఎక్కువ అన్న గుర్తు పడింది. పుట్టిన మొదటి వారంలోనే లింఫోసైట్లు న్యూట్రోఫిల్స్‌ను దాటేస్తాయి. నాలుగైదేళ్లు వచ్చేదాకా వాటిదే పైచేయి. రెండేళ్ల పిల్లకు కౌంట్ 17,000 దాకా, లింఫోసైట్లు 60 శాతం దగ్గర ఉండటం సహజం. మెసేజ్ రాసిన మనిషి ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లలందరికీ క్యాన్సర్ అంటగట్టాడు!

పోనీ, నిజంగానే ఆ జబ్బు ఉన్న పిల్ల అనుకుందాం. ఏడు రోజులు రసంతో గడిపితే ఆ ఏడు రోజులూ పోయినట్టే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతోనే 1948లో అమెరికా డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఈ జబ్బున్న పిల్లలకు తాత్కాలికంగానైనా ఊరట కలిగించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ఈ చికిత్సలో ఉంది. సరైన వైద్యం అందితే బతికి బయటపడే పిల్లలే ఎక్కువ. అలాంటి పిల్లకు మందులు ఆపమంటారా?

ఆ మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం నిజం, ఒప్పుకుంటాను: ‘మెషీన్ అంకెను గుడ్డిగా నమ్మకండి.’ ప్లేట్‌లెట్లు గుంపు కట్టినా, కేంద్రకం పోని ఎర్రకణాలు ఉన్నా కొన్ని మెషీన్లు వాటినీ తెల్లకణాల్లో లెక్కేస్తాయి. అందుకే పాప స్లైడ్ నేనే రంగు వేసి చూశాను. ముదురు ఊదా రంగు గుండ్రటి కేంద్రకాలు, చుట్టూ సన్నటి లేత నీలపు అంచు. వందకు 59 లింఫోసైట్లు, అన్నీ మామూలువే. ఆ సాయంత్రమే డాక్టర్ని అడిగి మందు మళ్లీ మొదలుపెట్టించాం.