సెట్ అయితే చాలు

ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో 'సెట్' అనే చిన్న క్రియకు దాదాపు 430 అర్థాలు చూపి, వాటిని వివరించడానికి సుమారు 60,000 మాటలు ఖర్చు చేసింది. సూర్యుడు అస్తమించడం, ఉంగరంలో రాయి పొదగడం, ఎముక అతకడం, ఉచ్చు పన్నడం, గడియారం సరిచేయడం అన్నీ దాని కిందికే వస్తాయి. తరువాతి సవరణలో 'రన్' అనే క్రియ 645 అర్థాలతో దాన్ని దాటిపోయిందని చెబుతున్నారు. తెలుగువారి వాడకాన్ని లెక్కలోకి తీసుకోకుండా వెలువరించిన ఈ తీర్పు చెల్లదని నా వాదన.

ఆంగ్లేయులు ఆ మాటను ఒంటరిగా వదలరు. బయలుదేరితే సెట్ ఆఫ్, కోర్టు ఉత్తర్వు కొట్టేస్తే సెట్ అసైడ్, ముసురు పడితే సెట్ ఇన్ అంటూ పక్కన ఒక తోకను తగిలించి, ఆ తోకలన్నీ బట్టీ పట్టమంటారు. మనం 'అవ్వడం', 'చేయడం' అనే ఇద్దరు సహాయకులతోనే రాజ్యం నడుపుతున్నాం. పూర్వం చీర నప్పేది, సంబంధం కుదిరేది, చెప్పులు సరిపోయేవి, కొత్త ఊరి నీళ్ళు ఒంటికి పడేవి, తోడికోడళ్ళకు పొసగేది (తరచుగా పొసగేది కాదు), విరిగిన చెయ్యి అతుక్కునేది. ఒక్కొక్క పనికి ఒక్కొక్క క్రియను పెట్టి పోషించడం ఎంత దుబారా! అందుకే ఆ సిబ్బందినంతా స్వచ్ఛంద పదవీ విరమణ మీద ఇంటికి పంపి, అన్ని శాఖలనూ సెట్‌కు అదనపు బాధ్యతలుగా అప్పగించాం. పెరుగు ఒక్కటే ఇంకా మొండిగా తోడుకుంటోంది. ఆ శాఖ విలీనం పూర్తి కావలసి ఉంది.

ఈ సంస్కరణ వల్ల కలిగిన అసలు లాభం పొదుపు కాదు, భద్రత. "ఆ రాజమండ్రి సంబంధం ఏమైంది వదినా?" అని అడిగితే, "దాదాపు సెట్ అయినట్టే" అని జవాబు వస్తుంది. జాతకాలు కలిశాయా, పిల్ల ఒప్పుకుందా, లాంఛనాల దగ్గర బేరం తెగిందా, ఏదీ అందులో లేదు. కుదిరింది అని ఉంటే తాంబూలాలు ఎప్పుడని ఎదురు ప్రశ్న వచ్చేది. రేపు ఆ సంబంధం తప్పిపోయినా "సెట్ కాలేదు" అంటే సరిపోతుంది. ఎవరు ఎవరిని కాదన్నారో, ఎందుకు కాదన్నారో ఆ వాక్యం చెప్పదు. కర్త లేకుండా ఇంత పరువుగా నడిచే క్రియ మరొకటి ఉంటే చూపించండి.

విద్యారంగంలో దీని మహిమ మరీ ఎక్కువ. ఎంసెట్, ఐసెట్, ఈసెట్, లాసెట్, ఎడ్‌సెట్, పాలిసెట్ అనే పేర్లలో ఉన్నది ఈ సెట్ కాదని, అది కామన్ ఎంట్రన్స్ టెస్ట్ (ఉమ్మడి ప్రవేశ పరీక్ష) అనే ఆంగ్ల పదబంధానికి పొట్టి రూపమని పండితులు గొణుగుతారు. తల్లిదండ్రులు వినరు. సెట్ రాస్తే సీటు, సీటు వస్తే లైఫ్ సెట్ అన్నది వారి వ్యుత్పత్తి. ఆంధ్రప్రదేశ్ 2021లోనూ, తెలంగాణ 2024లోనూ ఎంసెట్‌ను ఈఏపీసెట్‌గా మార్చినప్పుడు కూడా తల మార్చారే తప్ప తోక ముట్టుకోలేదు. అక్షరాలా నమ్మినవారూ ఉన్నారు. 2016లో తెలంగాణలో ఎంసెట్-2 ప్రశ్నపత్రాన్ని ముందే బయటికి తెచ్చి కొందరికి సీట్లు సెట్ చేయబోయారు. ఆ పరీక్ష రద్దయి, నిజాయితీగా రాసిన పిల్లలు సెప్టెంబరులో మూడోసారి రాశారు.

పంపుసెట్టు గురించి ఎక్కువ చెప్పను. రైతు దాన్ని మోటారు అంటాడు. పంపుసెట్టు అని పిలిచేవి ప్రభుత్వ ఉత్తర్వులు మాత్రమే.

ఇల్లు కట్టేవారికి మాత్రం ఈ మాట రెండు చోట్ల తగులుతుంది. స్థలం చుట్టూ నిబంధన ప్రకారం ఖాళీగా వదలవలసిన జాగాను సెట్‌బ్యాక్ అంటారు. ఆంగ్లంలో ఆ మాటకు ఎదురుదెబ్బ అనే అర్థం కూడా ఉంది. మన గృహస్థు ఆ రెండో అర్థాన్నే గ్రహించి, దెబ్బ తగలకుండా ప్రహరీ దాకా గోడ లేపుతాడు. తరువాత పురపాలక కార్యాలయానికి వెళితే, బల్ల అవతలి పెద్దమనిషి ఫైలు మూసి, కళ్ళజోడు తీసి, "సెట్ చేద్దాంలే అన్నా, ఒకసారి బయట మా వాణ్ణి కలవండి" అంటాడు. ఏమి చేస్తాడో, ఎంతకు చేస్తాడో, ఎప్పటికి చేస్తాడో ఆ మాటల్లో దొరకదు. విజిలెన్సు వారు విన్నా కేసు కట్టలేరు.

రెండోది సిమెంటు. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు 30 నిమిషాలకు ముందు సెట్ కావడం మొదలు పెట్టకూడదని, 600 నిమిషాలు దాటకుండా పూర్తిగా సెట్ కావాలని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. ఇన్ని సెట్లలో గడువు రాసిపెట్టినది నాకు తెలిసి ఇదొక్కటే. ఆ సంస్థవారు ఇదే ప్రమాణాన్ని బల్ల అవతలి సెట్‌కు కూడా వర్తింపజేయాలని కోరుతూ అర్జీ రాస్తున్నాను. 600 నిమిషాలు మరీ తక్కువ అనిపిస్తే, నిమిషాలను రోజులుగా సవరించుకున్నా నాకు అభ్యంతరం లేదు.